మా టేపులో లేని పాట

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఒకటి జరిగింది, అది చెప్దామనే కూర్చున్నాను. కానీ అది అర్థం కావాలంటే ముందు ఒక టేపు గురించి చెప్పాలి, టేపు గురించి చెప్పాలంటే మా మావయ్య గురించి చెప్పాలి, కాబట్టి కొంచెం పొడుగవుతాది, ఓపికున్నవాళ్ళు చదవండి.

1996. నేను ఇంటర్ ఫస్టియర్. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు, రోజూ తిరగలేడని అమ్మ నన్ను తీసుకొచ్చి విజయనగరంలో తమ్ముడింట్లో పెట్టీసింది. కోట వెనకాల సందులో మేడ మీద రెండు గదుల వాటా, ముందర ఇంత డాబా. మావయ్య, అత్త, ఇద్దరు గుంటలు, వాళ్ళ మధ్యలో నేను. సాయంత్రం గాలి ఇటు తిరిగిందంటే సంగీత కళాశాల వైపు నుంచి ఎవరో వయొలిన్ మీద సరళీ స్వరాలు కుస్తీ పడుతుండడం వినపడీది. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, ఘంటసాల, సుశీల చదువుకున్నది అక్కడే, ఇదంతా మా ఊరోళ్ళు అడక్కపోయినా చెప్తారు, నేనూ చెప్పీసాను చూడండి. అలాంటి ఊళ్ళో, అలాంటి సందులో, మా మావయ్య టేప్ రికార్డర్లో మోగీది మాత్రం ఒక స్కాట్లాండోడి ఏడుపు.

మెరీలియన్ అని బ్రిటన్ బ్యాండు. ఆల్బం పేరు క్లచింగ్ ఎట్ స్ట్రాస్. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టు అని మనం అనమూ, అదే. 1987 జూన్‌లో వచ్చింది. పాడినవాడి అసలు పేరు డెరెక్ డిక్, కానీ అందరూ ఫిష్ అంటారు, స్నానానికెళ్తే గంటలు గంటలు నీళ్ళలోనే ఉండిపోతాడని కుర్రతనంలో ఆ పేరొచ్చిందట. ఈ సంగతి మావయ్య ఒకసారి చెప్పాడు, ఆ రోజు నుంచి మా అత్తకి అతను చేపోడే. "మళ్ళీ పెట్టీసినావా నీ చేపోడ్ని" అనీది వంటింట్లోంచి.

జూట్ మిల్లులో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌కి ఇలాంటి పాటలు ఎలా తగిలాయంటే, మావయ్య వైజాగ్‌లో పాలిటెక్నిక్ చదివే రోజుల్లో ఒక ఫ్రెండు ఉండీవాడు, తర్వాత ఆయన ఓడల్లో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, వచ్చినప్పుడల్లా ఎక్కడెక్కడివో ఎల్పీ రికార్డులు తెచ్చీవాడు. వాటిల్లోంచి ఒకదాన్ని మావయ్యకి అరవై నిమిషాల టీడీకే టేపు మీద ఎక్కించి ఇచ్చాడు. ఒకవైపు ఐదు పాటలు, రెండోవైపు ఐదు పాటలు. రికార్డు మీద ముల్లు గీసుకున్న చిటపటలు కూడా టేపులోకి వచ్చీసాయి, ఇప్పటికీ ఆ పాటలు క్లీన్‌గా వింటుంటే ఏదో తాలింపు వెయ్యని పప్పులాగ ఉంటాది నాకు. టేపు డబ్బాలో అట్ట లేదు, సాహిత్యం లేదు, బాల్ పెన్నుతో గొలుసుకట్టు రాతలో పాటల పేర్లు మాత్రం ఉండీవి. అందులో ఒకటి స్లెయింటె మాత్ అని చదువుకున్నాం మేము, లెక్కల మీద పాట రాసాడేమో అనుకున్నాను నేను నిజంగానే. చాలా ఏళ్ళకి తెలిసింది, అది స్కాటిష్ గేలిక్ మాట, స్లాంజవా అన్నట్టు పలకాలి, మందు గ్లాసు ఎత్తినప్పుడు మంచి ఆరోగ్యం కలగాలని అనుకునే మాట. మద్యనిషేధం రోజుల్లో మేము మేడ మీద కూర్చుని రోజూ అది విన్నాం.

అవును, నిషేధం. ఇప్పటి పిల్లలకి తెలీదు గానీ 1995 జనవరి నుంచి 1997 దాకా మన రాష్ట్రంలో మందు లేదు. అంటే లేదని కాదు, విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయగడ పోయే రైలు ఉంది కదా, రాయగడ అంటే ఒరిస్సా, అక్కడ నిషేధం లేదు. పొద్దున్న ఎక్కినోళ్ళు సాయంత్రానికి దిగీవారు, ఎక్కినప్పుడు ఉన్న నడక దిగినప్పుడు ఉండీది కాదు. మా మావయ్య ఆదివారాలు "బొబ్బిలి దాకా పనుంది" అని వెళ్ళీవాడు. బొబ్బిలి తర్వాత రాయగడ ఎంత దూరమో అత్తకి తెలీదా.

ఆ ఆల్బం మొత్తం తాగుడు గురించే. తాగుడు గురించి అంటే మన సినిమాల్లో హీరో తాగి పాడుకునే విరహం కాదు. టార్చ్ అని ఒక మనిషిని పెట్టుకున్నాడు, 29 ఏళ్ళు, పనీ పాటా లేదు, కాపురం చెడింది, హోటల్ గదులూ బార్లూ పట్టుకుని తిరుగుతుంటాడు, కాగితాల మీద ఏవో రాసుకుంటుంటాడు. ఆ ఆల్బం వచ్చేనాటికి ఫిష్ వయసు కూడా 29 ఏళ్ళే. ఇంకెవరి గురించి రాసాడో వేరే చెప్పాలా. ముసుగేసుకుని చెప్పాడు, కానీ ఆ ముసుగు ఎంత పల్చనదంటే మొహం మొత్తం కనపడిపోతాది. అట్ట బొమ్మ చాలా ఏళ్ళ తర్వాత ఇంటర్నెట్ సెంటర్లో చూసాను, ఒక బార్లో ఈ టార్చ్ నిలబడుంటాడు, చుట్టూ రాబర్ట్ బర్న్స్, డిలన్ థామస్, ట్రూమన్ కపోటీ, లెన్నీ బ్రూస్. ఇద్దరు కవులు, ఒకరు కథకుడు, ఒకరు కమెడియన్, ఏదో ఒక మత్తుకి చిక్కినోళ్ళే ఎక్కువ. అలాంటి జట్టు మధ్యలో నిలబెట్టుకున్నాడు తనని.

మొదటి మూడు పాటలూ అతుక్కునే ఉంటాయి, ఎక్కడ ఒకటి ఆగి ఇంకోటి మొదలైందో తెలీదు. ఇది విని మా తాత, అంటే మావయ్య వాళ్ళ నాన్న, ఊరి నుంచి వచ్చినప్పుడు ఒక మాటన్నాడు, ప్రోగ్రెసివ్ రాక్ అంటారు ఈ రకం సంగీతాన్ని, దాని గురించి నేను తర్వాత చదివిన వాటన్నిటికంటే అదే బాగా గుర్తు. "ఇది హరికథరా. పాడతన్నాడు, మజ్జిలో మాటాడతన్నాడు, మల్లీ పాటలోకి ఎల్లిపోతన్నాడు. ఆడి చేతిలో చిడతలు లేవు, అంతే." ఆయనకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కథ ఎవరిదని అడిగాడు. మావయ్య ఏం చెప్పలేదు, టేపు రెండోవైపుకి తిప్పాడు.

మొదటివైపు రెండో పాటలో గ్లాసు కింద మిగిలే తడి గుండ్రాలు ఉంటాయి, వార్మ్ వెట్ సర్కిల్స్, బార్ బల్ల మీద పడ్డ ఆ మరకల్లోంచి ఊరంతా చూపిస్తాడు, ప్రేమల్నీ పెళ్ళిళ్ళనీ అన్నీ. మా డాబా గట్టు మీద కూడా ఉండీవి అలాంటివి, స్టీలు గ్లాసువి, పొద్దున్నే అత్త తడిగుడ్డతో తుడిచీసీది, ఏమీ అనకుండా. జస్ట్ ఫర్ ద రికార్డ్ అని ఇంకో పాట, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయగలను, రేపట్నుంచి చూస్కో అనే మనిషి పాట. అది వచ్చినప్పుడు మాత్రం అత్త గిన్నెల చప్పుడు పెరిగీది. ఇంగ్లీషు అర్థమయ్యి కాదు, అది వచ్చే టైముకి మావయ్య నోట్లోంచి అదే మాట తెలుగులో వచ్చీది కాబట్టి. టార్చ్ సాంగ్ మధ్యలో అయితే ఒక డాక్టరు గొంతు వినపడతాది, నువ్విలాగే ఉంటే ముప్పై చూడవు అంటాడు. దానికి ఇతను నవ్వులాటగా, ఇదంతా మా వంశంలో ఉన్నదేలే, ఈ రౌండు నీదే కదా అన్నట్టు దాటేస్తాడు. ఇక్కడ మావయ్య ప్రతిసారీ నవ్వీవాడు. "నాకు ముప్పై ఎప్పుడో దాటీసాయిరా, డాక్టరు తప్పు సెప్పాడు." ఇంట్లో ఇంకెవరూ నవ్వీవారు కాదు.

అన్నీ గొప్పగా ఉన్నాయనను. ఇన్‌కమ్యూనికాడో అనేది నాకు అప్పుడూ నచ్చలేదు ఇప్పుడూ నచ్చదు, ఆ కీబోర్డు హడావుడి చూస్తే పెళ్ళి బ్యాండు తప్పిపోయి వేరే ఇంటికొచ్చినట్టుంటాది, విచిత్రం ఏంటంటే బ్రిటన్‌లో అందులోంచి పెద్ద హిట్టు అదే, ఆరో నంబరు దాకా వెళ్ళింది. వైట్ రష్యన్ పేరుకి కాక్‌టెయిలు, లోపల మాత్రం యూరప్‌లో అప్పుడు మళ్ళీ తలెత్తుతున్న నాజీ పోకడల గురించి, మంచి పాటే గానీ దాని బరువు నాకు ముప్పై దాటాక గానీ తెలీలేదు. ఆల్బం మొత్తంగా అక్కడ చార్టుల్లో రెండో స్థానానికి వచ్చింది, అంటే ఫ్లాపేం కాదు. కానీ దీనికి ముందు 1985లో వీళ్ళ మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్ మొదటి స్థానంలో కూర్చుంది, అందులో కేలీ పాట ప్రపంచమంతా పాడింది, దాంతో మెరీలియన్ అంటే అందరికీ అదే. దీని తర్వాత 1988లో ఫిష్ బయటికెళ్ళిపోయాడు, 1989కి స్టీవ్ హోగార్త్ వచ్చి కొత్త గొంతుతో కొత్త కథ మొదలైపోయింది. ఇలాగ పెద్దన్నయ్యకీ చిన్న తమ్ముడికీ మధ్య పుట్టిన పిల్లాడిలాగ దీన్ని ఎవరూ సరిగ్గా ఎత్తుకోలేదని నా బాధ. వాళ్ళ ఆల్బంలన్నిట్లోనూ నిజం ఎక్కువున్నది ఇదేనని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఇక షుగర్ మైస్. రెండోవైపు నాలుగో పాట.

పని పోయిన మనిషి, పెళ్ళాం పిల్లల్ని వదిలీసి దూరదేశంలో హోటల్ బార్లో కూర్చుని ఉంటాడు, బయట వాన. గవర్నమెంటు నన్ను పనిలేకుండా చేసిందని ఒక మాటంటాడు గానీ ఆ వెంటనే తప్పు నాదే, నన్నే అనుకోండి అని తన మీద వేసుకుంటాడు. అందులో పిల్లలతో ఫోన్లో మాట్లాడటం గురించి ఒక చోట ఉంది, జీవితంలో చేసిన వాటన్నిట్లోకీ కష్టమైన పని అదేనంటాడు. ఆ తర్వాత స్టీవ్ రొథరీ గిటారు అందుకుంటాడు, నేను సంగీతం తెలిసినవాణ్ణి కాను, కానీ అది మనిషి ఏడవడం ఆపుకుంటే గొంతులో ఏమవుతాదో అలాగ మొదలయ్యి, ఆపుకోలేకపోతే ఏమవుతాదో అలాగ అవుతాది.

ఒకరోజు అత్త బియ్యం ఏరుకుంటూ డాబా మీదకొచ్చి కూర్చుంది. ఆ పాటే నడుస్తోంది. మావయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు, నిద్రో మరోటో. అత్త నన్ను మెల్లిగా అడిగింది, "ఏటంటన్నాడ్రా ఆడు రోజూ?" నాకు అప్పటికి సగం మాటలే తెలుసు, రఫ్ నోటులో పాట పాటకీ ఒక పేజీ పెట్టుకుని చెవికి దొరికిన ముక్కలు రాసుకునీవాణ్ణి, కానీ ఆ సగం చాలు. పని పోయింది, తాగుతున్నాడు, పిల్లల్ని వదిలీసి వెళ్ళిపోయాడు అని ఈమెతో ఎలా చెప్పడం? అప్పటికే మిల్లు లాకౌట్ పడి నాలుగు నెలలు.

"పంచదార ఎలకల గురించి అత్తా," అన్నాను.

"ఏటి?"

"మనకి పంచదార చిలకలుంటాయి కదా, వాళ్ళకి పంచదార ఎలకలంట. వానలో తడిసి కరిగిపోతన్నాయంట."

అది అబద్ధం కూడా కాదు, ఆ పాట పేరే అది, బ్రిటన్‌లో అలాంటి మిఠాయి ఉంది. అత్త కాసేపు ఆలోచించి, "దానికింత ఏడవాలా" అని మళ్ళీ బియ్యంలో పడిపోయింది. పైడితల్లమ్మ పండక్కి సిరిమాను చూడ్డానికి వెళ్ళినప్పుడు పిల్లలకి పంచదార చిలకలు కొని, నా చేతిలో ఒకటి పెట్టి, "నీకు ఎలక దొరకలేదురా" అని నవ్వింది. ఆ ఏడాది ఆమె నవ్వడం చూసినవి తక్కువే కాబట్టి గుర్తుండిపోయింది.

1997 ఎండాకాలానికి మావయ్య రాయ్‌పూర్ వెళ్ళిపోయాడు, అక్కడేదో రోలింగ్ మిల్లులో పని ఉందని. అదే రైలు, అదే లైను, కాకపోతే ఈసారి రాయగడలో దిగలేదు. టిట్లాగఢ్ మీదుగా ఇంకా చాలా దూరం పోయాడు. టేపు ఇక్కడే వదిలీసాడు. ఆదివారం రాత్రి వీధి చివర ఎస్టీడీ బూత్‌కి ఫోను చేసీవాడు, బూత్ కుర్రాడు పరిగెట్టుకొచ్చి "అక్కా, రాయ్‌పూరు" అని కేకేసీవాడు, మేము నలుగురం చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెట్టీవాళ్ళం. చిన్నది ప్రతివారం ఒకటే అడిగీది, నాన్నా ఎప్పుడొస్తావు. అటువైపు ఏమనీవాడో నాకు వినపడీది కాదు. ఫోను అత్త చేతికొచ్చీసరికి మీటరు మీద ఎర్రంకెలు తిరుగుతుండీవి, ఆమె అంకెలకేసి చూస్తూ "బాగున్నాం, నువ్వు తిన్నావా" అని పెట్టీసీది.

నాకప్పుడు ఒక భయం పట్టుకుంది, చిన్నతనం అనుకోండి. ఈ పాట మేమిన్నిసార్లు వినబట్టే ఇలాగ జరిగిందేమో అని. ఆయన వందసార్లు విన్నాడు, విని విని అందులోకే నడిచి వెళ్ళిపోయాడు. టేపుని బీరువా మీద పాత దుప్పట్ల కింద పెట్టీసాను కొన్నాళ్ళు. కానీ సెకండియర్ పరీక్షలయ్యాక మళ్ళీ తీసాను, ఉండబట్టలేక. అప్పుడు ఒంటరిగా విన్నాను మొత్తం, ఆఖరి పాట దాకా, ద లాస్ట్ స్ట్రా, అందులో టెస్సా నైల్స్ అనే ఆవిడ గొంతు ఒకటి వెనకనుంచి వచ్చి ఇతని గొంతుకి ఎదురు నిలబడతాది, ఇద్దరూ గడ్డిపోచలు పట్టుకున్నాం, ఐనా మునుగుతున్నాం అన్నట్టు అరుస్తారు. బాగుపడిపోయాడనో చచ్చిపోయాడనో తేల్చడు. అది నాకు నచ్చింది. అప్పుడు మా ఇంట్లోనూ ఏదీ తేలలేదు.

మిగతాది గబగబా చెప్పీస్తాను. మావయ్య రెండేళ్ళకి తిరిగొచ్చీసాడు, తాగుడు తగ్గలేదు, తర్వాత కామెర్లొచ్చి నెలన్నర మంచం పట్టాడు, లేచాక మానీసాడు. ఎవరికీ మాటివ్వలేదు, గుడిలో ఒట్టు పెట్టలేదు, ఎందుకు మానావని అడిగితే "రుచి పోయింది" అన్నాడు అంతే. రింగురోడ్డు వైపు చిన్న మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. ఆ రోజుల గురించి ఆయన ఒక్క మాట ఎప్పుడూ మాట్లాడలేదు, తప్పయిందని గానీ, తప్పు కాదని గానీ. అత్త కూడా అడగలేదు. నేను చదువయ్యి హైదరాబాదు వెళ్ళిపోయాను, టేపు రీలు ఎప్పుడో నలిగిపోయింది.

గత ఏడాది నవంబర్లో ఒక రాత్రి ఆఫీసు క్యాబ్‌లో ఊరికే ఫోన్లో ఆ ఆల్బం పెట్టాను. మొదటి మూడు పాటలూ అయ్యాయి, తర్వాత ఏ పాట రావాలో నా ఒంటికి తెలుసు, జస్ట్ ఫర్ ద రికార్డ్, దాని మొదటి స్వరానికి తల దానంతటదే ఊగడానికి రెడీగా ఉంది. అది రాలేదు. వేరే పాటేదో వచ్చింది. మెల్లగా, గిటారూ ఒక గొంతూ తప్ప ఇంకేం లేనట్టు. నేను వేరే ఆల్బం నొక్కీసానేమో అని చూసుకున్నాను. కాదు, ఇదే, పేరు గోయింగ్ అండర్. పక్కన ఎవరూ లేనప్పుడు నాలో నేను మాట్లాడుకోవడం తప్పా అని మొదలుపెడతాడు. టార్చ్ లేడు, డాక్టరు లేడు, జోకు లేదు. మునిగిపోతున్నాను అని మామూలుగా, పక్కింటోడికి చెప్పినట్టు చెప్పుకుంటాడు. మూడు నిమిషాలు కూడా ఉండదు.

సంగతేంటంటే ఆ పాట ఎల్పీలో లేదు. సీడీలోనే వేసారు. మాది ఎల్పీ నుంచి ఎక్కించిన టేపు. అంటే ఇరవయ్యెనిమిదేళ్ళుగా నాకు అణువణువూ తెలుసు అనుకున్న ఆల్బంలో అన్నిటికంటే సూటిగా నిజం చెప్పిన పాట నేను వినలేదు. మావయ్యా వినలేదు. క్యాబ్ మా అపార్ట్‌మెంట్ దాటి వెళ్ళిపోయింది, డ్రైవరు రెండుసార్లు పిలిచాడట.

అందుకని సంక్రాంతికి చిన్న స్పీకరు ఒకటి బ్యాగులో వేసుకుని వెళ్ళాను. కనుమ రోజు సాయంత్రం. ఇప్పుడు వాళ్ళది సొంతిల్లు, డాబా కూడా పెద్దదే. మావయ్య పడక్కుర్చీలో టీ తాగుతున్నాడు, అరవై ఐదు దాటాయి, జుట్టంతా నెరిసింది. ఏమీ చెప్పకుండా పెట్టీసాను. మొదటి పాట మొదలవ్వగానే నవ్వాడు, "ఓరి నీ, ఇంకా ఉంచుకున్నావేటి" అన్నాడు. రెండో పాటకి కుర్చీ చెయ్యి మీద వేళ్ళు ఆడాయి. మూడోది అయింది. నేను ఆయన మొహమే చూస్తున్నాను. నాలుగోది మొదలవ్వగానే వేళ్ళు ఆగిపోయాయి.

"ఇది మన టేపులో లేదు."

లేదన్నాను. ఎల్పీ, సీడీ సంగతంతా చెప్పాను. ఆయన అదంతా విన్నాడో లేదో. పాట అయిపోయాక ఫోను నొక్కి ఆపాను. అప్పటికి అత్త అరిసెల పళ్ళెంతో వచ్చి గుమ్మంలో నిలబడుంది, ఎప్పుడొచ్చిందో.

"ఏటంటన్నాడ్రా చేపోడు?"

ఈసారి దాచలేదు. తనతో తనే మాట్లాడుకుంటున్నాడు అత్తా, మునిగిపోతున్నానంటున్నాడు, తెలుస్తోంది గానీ ఆగలేకపోతున్నాడు, అదీ.

"చేప మునిగిపోడమేటిరా," అంది అత్త.

మావయ్య నవ్వాడు, నవ్వి నవ్వి దగ్గొచ్చింది. తువ్వాలుతో మూతి తుడుచుకుని నాతో అన్నాడు, "లేకపోడమే మంచిదయిందిరా. ఉండుంటే అప్పుడే నీ చేత అర్థం సెప్పించీసును మీ అత్త."

"ఆడు సెప్పినవన్నీ అబద్ధాలని నాకు అప్పుడే తెలుసు," అంది అత్త, పళ్ళెం గట్టు మీద పెడుతూ. "పంచదార ఎలకలంట. గుంటడికి అబద్ధమాడ్డం కూడా సరిగ్గా రాదు. పిల్లలతో ఫోన్లో మాటాడతన్నాడని నాకు తెల్దా? ఆ గొంతు నేను బూత్‌లో వినలేదా?"

ఎవరం ఏమీ అనలేదు. కింద వీధిలో గంగిరెద్దువాళ్ళ సన్నాయి దూరమైపోతోంది. మావయ్య టీ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాడు చాలాసేపు. తర్వాత "మల్లీ పెట్టు" అన్నాడు. అత్త వెళ్ళిపోతాదనుకున్నాను. వెళ్ళలేదు, కొంగు సర్దుకుని గట్టు మీద కూర్చుంది.

"పెట్టు," అంది. "ఆ డబ్బాని ఇటు తిప్పి పెట్టు. మిల్లు చప్పుడికి మీ మావయ్యకి ఆ చెవి పోయి చాన్నాళ్ళయింది."